నీలం గుంపులో ఎర్ర చుక్క

నాకు భయం వేస్తే అది ముందు కోపంగా బయటికి వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఉరిమితే మిగతా పిల్లలు చెవులు మూసుకునేవారు, నేను వాకిట్లోకి వెళ్ళి ఆకాశాన్ని తిట్టేదాన్నట. "దీనికి భయమైతే మనకు మోత" అనేది మా అమ్మ. అందుకే ఆ శీతాకాలం మొదట్లో ఇంట్లో అందరితో గొడవ పెట్టుకుంటున్నప్పుడు, నేను భయపడుతున్నానని నాకే తెలియలేదు. మా ఆయన మీద అరిచాను, పాప మీద అరిచాను, చివరికి గిన్నెలు కడిగే మిషను మీద కూడా అరిచాను.

మేముండేది జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో. మా ఆయన కార్ల సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో పనిచేస్తాడు, ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర. నేను మాత్రం రోజూ రైలెక్కి స్టుట్‌గార్ట్ దాటి ఒక పరిశోధనశాలకు పోతాను. అక్కడ నేనేం చేస్తానో మావాళ్ళకు చెప్పడం కష్టం. మా అత్తమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, "ఇంకా ఆ దుప్పి మాంసమే నూరుతున్నవా బిడ్డా?" అని. అవునత్తమ్మా అంటాను. అందులో పెద్ద అబద్ధం ఏమీ లేదు.

నూరేది దుప్పి మాంసం కాదు, రెయిన్‌డీర్ మాంసం. ఉత్తర ధ్రువం దగ్గరి మంచు నేలల్లో మందలుగా తిరిగే అడవి జంతువులవి. గొర్రెల్లాగే నెమరు వేస్తాయి. అక్కడ తిరిగే పరిశోధకులు చనిపోయిన జంతువుల కండ నుంచి, కాలేయం నుంచి గోరంత ముక్కలు తీసి, చిన్న గొట్టాల్లో పెట్టి, గడ్డకట్టించి మాకు పంపుతారు. నేను వాటిని చలిపొగలు కక్కే ద్రవంలో ముంచి, రోట్లో పొడి చేసి, అందులోని ప్రోటీన్లను వేరుచేసి యంత్రానికి పెడతాను. ఆడవాటిలో ఏ ప్రోటీన్ ఎంతుంది, మగవాటిలో ఎంతుంది, చలికాలం రెండింటి ఒంటినీ ఒకేలా కరిగిస్తుందా, లేదా? ఇదీ మా ప్రశ్న. దీనికి ఎవరైనా జీతం ఇస్తారంటే మా నాన్న ఇప్పటికీ నమ్మడు.

చేరిన మొదటి వారంలోనే నవ్వులపాలయ్యాను. మా ల్యాబ్ పెద్ద ఒక జర్మన్ ప్రొఫెసరమ్మ, పొడుగు మనిషి, సగం జీవితం మంచులోనే గడిపింది. ఆమె చలికాలంలో తీసిన కొన్ని రెయిన్‌డీర్ల ఫొటోలు చూపించి ఏవి మగవో చెప్పమంది. నేను కొమ్ములున్న వాటినన్నింటినీ మగ అన్నాను. మన దగ్గర జింకల్లో, దుప్పుల్లో కొమ్ములు మగవాటికే కదా. ఆమె పడీ పడీ నవ్వింది. రెయిన్‌డీర్లలో ఆడవాటికీ కొమ్ములుంటాయట. పైగా నడి చలికాలంలో పెద్ద మగవాటి కొమ్ములు అప్పటికే రాలిపోయి ఉంటాయి. కడుపుతో ఉన్న ఆడవే కొమ్ములతో మంచు మీద తమ మేత చోటు కాపాడుకుంటాయి. నేను మగ అన్నవన్నీ ఆడవే.

నవ్వడం అయిపోయాక ఆమె ఒక పద్ధతి నేర్పింది. ఏ ముక్క వచ్చినా దాని మీది చీటీని నమ్మకూడదు. మగ జంతువుల ఒంట్లో మాత్రమే దొరికే ప్రోటీన్ ఒకటుంది, ముందు దాన్ని వెతకాలి. ఆ ముక్క ఆడదో మగదో అదే చెప్పాలి. మిగతా అంకెలు ఆ తర్వాతే చదవాలి. "ఒకే అంకె ఆడదానికి ఆరోగ్యం, మగదానికి జబ్బు కావచ్చు. ఎవరిదో తెలియని అంకెకు అర్థం లేదు" అంది. అప్పుడు నేను బుద్ధిగా తలాడించాను.

మగవాటి సంగతి కూడా ఆమే చెప్పింది. జతకట్టే కాలంలో అవి మేత మరిచిపోతాయి. ఒకదాన్నొకటి పొడుచుకోవడం, ఆడవాటి వెంట తిరగడం, అంతే. మంచు గట్టిపడే సమయానికి ఒంట్లో కొవ్వంతా పోయి, కండ కరగడం మొదలవుతుంది. చాలా వాటికి వసంతం కనిపించదు. ఆ కండను నూరుతుంటే నాకు మా ఆయన బెల్టు గుర్తొచ్చేది. వద్దనుకున్నా గుర్తొచ్చేది.

ఆ బెల్టుకు ఆయన మేకుతో కొత్త చిల్లు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు ఇంకోటి పెట్టాడు. ఆఫీసు నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా సోఫాలో వాలిపోయేవాడు. కంచంలో అన్నం మిగిలిపోయేది. మా పాప కీటాకు వెళ్తుంది, అంటే ఇక్కడి బాలవాడి. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు జర్మన్‌లోనే చెబుతుంది. నేను ఇంట్లో అడుగు పెట్టగానే వాతావరణం చెప్పినట్టు చెప్పేది, "పాపా ఇస్ట్ వీడర్ మ్యూడె" అని. నాన్న మళ్ళీ అలసిపోయాడని.

"ఒకసారి డాక్టర్‌కు సూపెట్టుకో" అన్నాను.

"ఏం గాదే. ఈడ ఎండ లేదు గదా, విటమిన్ డి తక్కువైతది. అందరికీ గట్లనే ఉంటది."

"అందరికీ ప్యాంట్లు జారుతలేవు."

"జారితే మంచిదే గదా. పొట్ట తగ్గుమని నువ్వే అంటివి."

మగవాడిని డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడం కన్నా ఎద్దును మేడ ఎక్కించడం సులువు. చివరికి ఒక ఎత్తు వేశాను. ముప్పై అయిదు దాటినవాళ్ళకు ఇక్కడ బీమా కింద ఒంటి పరీక్షలు చేస్తారు. నేను చేయించుకుంటున్నాను, ఒక్కదాన్ని పోలేను, తోడు రమ్మన్నాను. అలా మా వీధి చివరి డాక్టరమ్మ దగ్గర ఇద్దరికీ ఒకే పొద్దున టెర్మిన్ తీసుకున్నాను. అపాయింట్‌మెంట్ అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడక ఏళ్ళయింది, టెర్మిన్ అనే అంటాం.

ఇక్కడ మా పేర్ల గోల చెప్పాలి. పెళ్ళయ్యాక పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు, మావైపు చాలామందికి చేసినట్టే, నా పేరు వెనక మా ఆయన పేరు తగిలించారు. అంటే కాగితాల మీద ఆయన పేరే నా ఇంటిపేరు. ఆయన పాస్‌పోర్టులో మాత్రం వాళ్ళ అసలు ఇంటిపేరే ఉంది, పాపకూ అదే. కాబట్టి జర్మనీవాళ్ళ లెక్కలో భార్యాభర్తలం ఇద్దరికీ రెండు ఇంటిపేర్లు. కీటాలో టీచర్లు పాప ఇంటిపేరు చూసి నన్ను కూడా దాంతోనే పిలుస్తారు. నేను పలుకుతాను. సరిదిద్దడం మొదలుపెడితే అక్కడే పొద్దుగూకుతుంది. పైగా పెళ్ళయి వచ్చిన ఇంటి పేరు, అది నాది కాదని ఎలా అంటాను?

ఆ రోజు పరగడుపున ఇద్దరం వెళ్ళాం. వెయిటింగ్ రూము నిండా దగ్గులూ తుమ్ములూ. పనిచేసే అమ్మాయిలు అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. గోడ మీది స్పీకర్లోంచి ఒక పేరు వినిపించింది, రెండో గదికి రమ్మని. శ్రీమతి లేదు, శ్రీ లేదు, ఒట్టి పేరు. ఆఫీసులో రోజంతా అందరూ ఆయన్ను పిలిచే పేరే అది. ఆయన లేచి వెళ్ళాడు. కాసేపటికి ఆయన ఇంటిపేరు వినిపించింది, మూడో గది అని. ఆయన లోపలే ఉన్నాడు కదా, మరి ఇది నన్నే అనుకుని నేను లేచాను. లోపల ఉన్న అమ్మాయి తలెత్తకుండా చేయి చాపమంది. గొట్టాల మీద చీటీలు అప్పటికే అంటించి ఉన్నాయి. రక్తం తీసుకుని దూది పెట్టి పంపించేసింది.

బయటికొచ్చి మూలనున్న బేకరీలో కాఫీ తాగాం. ఆయన కొనుక్కున్న రొట్టెలో సగం నాకే ఇచ్చాడు. ఆకలిగా ఉండి తినేశాను.

కొన్ని రోజులకు ఫలితాలు చెప్పడానికి పిలిచినప్పుడు డాక్టరమ్మ మా ఇద్దరినీ కలిపే కూర్చోబెట్టింది. పెద్దావిడ, మంచి మనిషి. తెర చూస్తూ ముందు నాకు చెప్పింది. ఐరన్ బాగా తక్కువగా ఉందట, రక్తం కూడా తక్కువ వైపే ఉందట. ఆడవాళ్ళలో ఇది మామూలే, నెలసరి ఎక్కువ అవుతుందా అని అడిగింది. అప్పుడప్పుడు అన్నాను. మాత్రలు రాసింది. కిడ్నీ అంకె కాస్త ఎక్కువగా ఉంది, నీళ్ళు తాగుతున్నట్టు లేరు అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, మీకు అన్నీ బాగున్నాయి, రక్తం ఒక్కటి కొంచెం అంచు మీద ఉంది, నడవండి, బాగా నిద్రపోండి అంది.

దారంతా ఆయన నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "నన్ను సూపెట్టుకో, సూపెట్టుకో అని పానం తీస్తివి. ఆఖరికి రోగం నీదాయె."

నాకు ఎంత తేలిగ్గా అనిపించిందంటే, ఆ సాయంత్రం పచ్చిపులుసు చేసి, ఆయనకిష్టమని పప్పు తాలింపు పెట్టి, అప్పడాలు కూడా వేయించాను. ఆయన నాలుగు ముద్దలు తిని కంచం జరిపాడు. అంకెలు బాగున్నాయి కదా, ఇంకేం భయం అనుకున్నాను. నా బతుకుతెరువే అంకెలు. అంకెలు బాగున్నాయంటే నేను నమ్ముతాను.

అలా రోజులు గడిచాయి. నేను పొద్దున్నే ఐరన్ మాత్ర వేసుకుంటున్నాను. కడుపు ఉబ్బరం తప్ప దాంతో వచ్చింది ఏమీ లేదు. బల్ల మీద నీళ్ళ సీసా పెట్టుకుని గంటగంటకూ తాగుతున్నాను. ఆయన మాత్రం ఇంకా తగ్గాడు. మెట్లెక్కి వస్తే తలుపు దగ్గర కాసేపు నిలబడి ఊపిరి తీసుకునేవాడు. తాళంచెవి వెతుకుతున్నట్టు నటించేవాడు. ఆ నటన చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఏదో ఒక వంక పెట్టుకుని తిట్టేదాన్ని, ఆయన నవ్వేవాడు.

ఒక బుధవారం ల్యాబ్‌లో కొత్త ముక్కల లెక్క పూర్తయింది. ప్రతి జంతువునూ తెర మీద ఒక చుక్కగా చూపిస్తాం. ప్రోటీన్లు ఒకే తీరుగా ఉన్నవి దగ్గర దగ్గరగా పడతాయి. చీటీ మీద ఆడ అని ఉంటే ఎర్ర చుక్క, మగ అని ఉంటే నీలం చుక్క. ఎర్రవన్నీ ఒక పక్క, నీలంవన్నీ ఇంకో పక్క పడ్డాయి. కానీ నీలం గుంపు నడుమ ఒక ఎర్ర చుక్క ఉంది. యంత్రంలో మురికి చేరిందేమోనని కడిగి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే పడింది.

ప్రొఫెసరమ్మను పిలిచాను. ఆమె వంగి చూసి, "రెండో గుంపు చూశావా?" అంది. చూడలేదు. ఎర్ర గుంపులో ఒక నీలం చుక్క ఉంది. "ఒక్కటి తప్పిపోతే ప్రకృతి అనుకోవచ్చు. రెండు ఎదురెదురుగా తప్పిపోతే అది మనిషి చేయి" అంది. మగ ప్రోటీన్ వెతికాం. ఆడ అని రాసున్న దాంట్లో ఉంది, మగ అని రాసున్న దాంట్లో లేదు. ఆ రెండు గొట్టాలూ ఒకే రోజు, ఒకే చోట, పక్కపక్కనే నింపినవి. చీటీలు మారిపోయాయి. "చీటీలు అంటించినవాళ్ళ వేళ్ళు చలికి గడ్డకట్టుకుపోయి ఉంటాయి పాపం" అని ఆమె కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళింది.

నేను చీటీలు సరిచేయబోయి, ముందు నీళ్ళు తాగుదామని సీసా ఎత్తాను. ఎత్తిన సీసా అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఒకే రోజు, ఒకే చోట, పక్కపక్కనే.

డాక్టరమ్మ ఎక్కువగా ఉందన్న ఆ కిడ్నీ అంకె దేన్ని కొలుస్తుందో నాకు బాగా తెలుసు. కండ తన పని చేసుకుంటూ వదిలే చెత్త అది. కండ ఎక్కువుంటే అదీ ఎక్కువే, అందుకే మగవాళ్ళలో ఎప్పుడూ ఎక్కువ. పాప కడుపులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో చూపించుకుంటే, నాలో ఆ అంకె ఎప్పుడూ అడుగునే ఉండేది. "కండనే లేదమ్మా నీకు, మంచిగ తిను" అని అక్కడి డాక్టరమ్మ కోప్పడేది. ఐరన్ మాత్రం కడుపుతో ఉన్నప్పుడు కూడా నాకు తగ్గలేదు. మరి కండలేని నా ఒంట్లో ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఐరన్ ఎటు పోయింది?

అది నా రక్తం కాదు. అది మగ రక్తం.

ఆ మాట మనసులో అనుకోగానే, దాని వెనకే ఇంకో మాట వచ్చింది. ఆడదానికి ఐరన్ తగ్గితే నెలసరి అంటారు, మాత్ర రాస్తారు, ఇంటికి పంపుతారు. మగవాడికి నెలసరి ఉండదు. మరి ఆయన రక్తం ఎటు పోతోంది?

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మీటింగులో ఉంటాడు. డాక్టరమ్మ దగ్గరికి చేస్తే రికార్డు చేసిన గొంతు పలికింది, బుధవారం మధ్యాహ్నం సెలవని. ఈ దేశంలో చాలామంది డాక్టర్లకు అది సెలవేనని ఎన్నో ఏళ్ళుగా తెలుసు, అయినా మళ్ళీ మళ్ళీ చేశాను. ప్రొఫెసరమ్మ కాఫీతో వచ్చేసరికి నేను కోటు తొడుక్కుంటున్నాను. మా ఇంట్లో కూడా చీటీలు మారిపోయాయన్నాను. ఆమె తెర వైపు, నా వైపు చూసి, వెళ్ళు అన్నట్టు చేయి ఊపింది.

రైలు స్టుట్‌గార్ట్‌కు ముందే ఆగిపోయింది. సిగ్నల్ పాడయిందని చెప్పారు. మామూలుగా అయితే పెట్టెలో అందరికీ వినిపించేలా తెలుగులో నాలుగు అంటించేదాన్ని. ఆ రోజు ఒక్క తిట్టూ గుర్తు రాలేదు. ఫోన్‌లో మగవాళ్ళకు ఐరన్ ఎందుకు తగ్గుతుందో వెతకబోయి, పేగుల్లో రక్తం కారడం అన్న దగ్గర ఆపేశాను. కిటికీ బయట ఒక ఇంటి పెరట్లో ఎవరో ఆకులు ఊడుస్తున్నారు. ఆకులన్నీ కుప్ప అయ్యేలోపు రైలు కదిలితే ఆయనకేమీ కాదు అని పందెం కట్టుకున్నాను. కుప్ప అయిపోయింది, సంచిలోకి ఎత్తారు కూడా, రైలు కదల్లేదు. నేను సైన్సు చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మను. అయినా పందెం కట్టుకోవడానికి ఇంకో పెరడు వెతికాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన పాపను తీసుకొచ్చి, కోటుతోనే సోఫాలో పడుకుని ఉన్నాడు. పాప తన బొమ్మల దుప్పటి తెచ్చి నాన్నకు మోకాళ్ళ దాకా కప్పింది. పెదవి మీద వేలు పెట్టుకుని, "పాపా ష్లేఫ్ట్" అంది, నాన్న నిద్రపోతున్నాడని. నేను దగ్గరికి వెళ్ళి కూర్చుని ఆయన్ను చూశాను. రోజూ చూసే ముఖమే, కానీ అంతవరకూ చూసింది చీటీని, మనిషిని కాదు. పెదవుల్లో రంగు లేదు. కింది రెప్ప మెల్లగా లాగి చూశాను, లోపల తెల్లగా ఉంది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏందే, ఇంత జల్ది వచ్చినవ్?"

పాపకు టీవీ పెట్టి ఆయన్ను వంటింట్లోకి తీసుకెళ్ళాను.

"ఆ రోజు రక్తం ఇచ్చేటప్పుడు నిన్ను ఏ పేరుతోటి పిలిచిర్రు?"

"నా పేరుతోనే. ఇంకేం పేరుతోటి పిలుస్తరు?"

"ఇంటిపేరు కాదా?"

"కాదు. నా పేరే. నిన్నేమని పిలిచిర్రు?"

"మీ ఇంటిపేరుతోటి."

ఆయన నన్ను చూశాడు. సాఫ్ట్‌వేర్ మనిషి, ఎక్కడ తారుమారయిందో నేను చెప్పే అవసరం లేకపోయింది. స్పీకర్ పిలిచింది కాగితం మీది నన్ను. ఆయన తన పేరు విని లేచాడు. తర్వాత పిలిచింది కాగితం మీది ఆయన్ను. నేను మా ఇంటిపేరు విని లేచాను. నా చీటీ ఉన్న గొట్టాల్లోకి ఆయన రక్తం పోయింది. నేను ఇన్నాళ్ళూ మింగిన ఐరన్ మాత్రలు ఆయనవి.

"ఒకటి అడుగుత. దాపెట్టకుండ చెప్పు. దొడ్డికి పోతే నల్లగ అయితున్నదా?"

ఆయన వంటింటి తలుపు దగ్గరికి వేశాడు. లోపల టీవీలో ఎవరో పాడుతున్నారు.

"అయితున్నది."

"ఎప్పటిసంది?"

"ఎండకాలం సంది. మొలలనుకున్న. కారం ఎక్కువ తింటం గదా."

"నాకెందుకు చెప్పలే?"

"ఏం జెప్పాలె? గది గూడ చెప్పే ముచ్చటనా?"

నేను పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఎండాకాలం నుంచి. అప్పుడు మేము సరస్సు దగ్గరికి వెళ్ళాం, ఐస్‌క్రీములు తిన్నాం, పాపను భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు. అప్పటి నుంచి. ఆయన ఎదురుచూస్తున్నాడు, నేను ఇప్పుడు విరుచుకుపడతానని. నాలో ఎక్కడ వెతికినా కోపం లేదు. ఉన్నదంతా భయమే. అది నాకు బతుకులో మొదటిసారి.

"ఏందే, తిడ్తలేవు?" అన్నాడు. "తిట్టే. ఏదన్న అను."

నేను అనలేకపోయాను. అప్పుడు ఆయన కూడా భయపడ్డాడు. నా అరుపులకు ఎప్పుడూ బెదరని మనిషి, నా మౌనానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దగ్గరికి తీసుకుంటే చొక్కా కింద ఎముకలు తగిలాయి. పాప వచ్చి, ఎందుకు ఏడుస్తున్నారని జర్మన్‌లో అడిగింది. ఉల్లిగడ్డలు అన్నాను. గట్టు మీద ఉల్లిగడ్డలు లేవు, అది చూసింది కూడా, వెళ్ళి తన బొమ్మల దుప్పటి తెచ్చింది.

మర్నాడు టెర్మిన్ లేకుండానే వెళ్ళాం. కౌంటర్ దగ్గరి అమ్మాయి కుదరదంది. కుదిరేదాకా ఇక్కడే ఉంటామని కూర్చున్నాను. డాక్టరమ్మ గదిలోంచి ఇవతలికి వచ్చినప్పుడు లేచి, నా జర్మన్ తడబడుతున్నా ఒక్క మాట చెప్పాను, ఆ ఐరన్ నాది కాదు, ఆయనది. ఆవిడకు ముందు అర్థం కాలేదు. పేర్ల సంగతి చెప్పాను. తెర ముందు కూర్చుని నా అంకెలు ఆయనవిగా చదువుకుంది. చదువుతున్నకొద్దీ ఆవిడ ముఖంలో మార్పు చూశాను. ఆ మార్పు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కళ్ళద్దాలు తీసి, క్షమించండి అంది. మళ్ళీ ఇద్దరికీ రక్తం తీశారు, ఈసారి పుట్టినతేదీ అడిగి మరీ తీశారు. తర్వాత ఆవిడే ఫోన్ తీసుకుని, పేగుల్లోకి కెమెరా పంపి చూసే డాక్టర్‌తో మాట్లాడి, మామూలుగా ఎన్నో వారాలు పట్టే టెర్మిన్‌ను వెంటనే ఇప్పించింది.

కెమెరా పరీక్ష జరిగిన రోజు నేను కారిడార్‌లో కూర్చున్నాను. ఆయన ముందురోజంతా పేగులు కడిగే మందు తాగి, ముఖం పీక్కుపోయి, అయినా లోపలికి వెళ్తూ నవ్వాడు. డాక్టర్ బయటికొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నిలబడి చెప్పకుండా కూర్చున్నాడంటేనే నాకు అర్థమైంది. పేగులో కుడివైపు ఒక గడ్డ ఉంది, కొంచెం కొంచెంగా చాలాకాలంగా రక్తం కారుతోంది, తీసేయాలి. ఇంకా ఎక్కడికైనా పాకిందా అని అడిగాను. చూడాలి అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే అని నేను మొదలుపెట్టాను. ఆగలేదు కదా అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్ అన్నీ వివరించి, ఏమైనా అడగాలా అన్నాడు. ఆ కోసిన ముక్కను ఏం చేస్తారని అడిగాను. డబ్బాలో పెట్టి, చీటీ అంటించి, పరీక్షకు పంపుతామన్నాడు. ఆ చీటీ మీద పేరు పూర్తిగా రాయండి, ఇంటిపేరూ పేరూ రెండూ, మగ అని కూడా రాయండి అన్నాను. సర్జన్ వింతగా చూసి, తప్పకుండా అన్నాడు. మంచం మీద నుంచి మా ఆయన తెలుగులో, "నన్ను గూడ నూరుతరా ఏందే?" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వలేకపోయాను.

ఆ రోజుల్లో నేను ల్యాబ్‌కు వెళ్ళినా రోకలి పట్టుకోలేకపోయాను. గోరంత ముక్క చేతిలోకి తీసుకుంటే, ఇది ఎవరో ఒకరి ఒళ్ళు కదా అనిపించేది. అంతకుముందు ఎప్పుడూ అలా అనిపించలేదు. ప్రొఫెసరమ్మ ఏమీ అడగకుండా నా రోలు తన ముందుకు జరుపుకుని, నా వంతు కూడా తనే నూరింది. ఆ మారిపోయిన రెండు చీటీలు మాత్రం నా చేత్తో నేనే సరిచేశాను.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు ఆయన ముక్క ఫలితం వచ్చింది. చెడ్డదే, క్యాన్సరే, కానీ పేగు గోడ దాటలేదు. చుట్టుపక్కల దేనిలోనూ లేదు. దాని అర్థం ఇక భయం లేదని కాదు. మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలని.

చూపించుకుంటూనే ఉన్నాం. కొన్ని నెలలకోసారి అదే వెయిటింగ్ రూములో కూర్చుంటాం. ఆయన బెల్టు మళ్ళీ పాత చిల్లుకు వచ్చింది. నా కోపం కూడా తిరిగి వచ్చింది, మొన్ననే గిన్నెల మిషనును మళ్ళీ తిట్టాను, ఆయన సంబరపడ్డాడు. కానీ ఆ స్పీకర్ గరగరమంటే నేను ఇప్పటికీ చేతిలోని పత్రిక మూసేస్తాను. ఏ పేరు వినిపించినా ఇద్దరం లేస్తాం. ఆయన పేరైనా లేస్తాం, ఇంటిపేరైనా లేస్తాం. అక్కడి అమ్మాయిలకు అలవాటైపోయింది, ఎవరూ అడ్డు చెప్పరు.

లోపల రక్తం ఇచ్చే కుర్చీలో ఆయన కూర్చుంటాడు. నేను పక్కన నిలబడి, గొట్టం చేతిలోకి తీసుకుని, చీటీ మీద ఉన్నది పైకి చదువుతాను. ఇంటిపేరు, పేరు, పుట్టినతేదీ, మగ. చదివి ఆగుతాను. ఆయన చొక్కా చేయి మడుస్తూ, బడిలో హాజరు పలికినట్టు, "ఉన్ననే" అంటాడు. ఆ మాట విన్నాకే గొట్టం రక్తం తీసే అమ్మాయి చేతికిస్తాను.